రైఫిల్‌కి స్లింగ్: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

#1 ఫ్రిస్కో_కుర్రోడు

అందరికీ నమస్తే. రెండు రైఫిళ్లకి స్లింగ్ (భుజాన తగిలించుకునే పట్టీ) కావాలి.

ఒకటి టిక్కా టీ3ఎక్స్, .308, సింథటిక్ స్టాక్ (బారెల్ కూర్చునే, చేత్తో పట్టుకునే భాగం), పైన స్కోప్. ముందొకటి, వెనకొకటి స్టడ్లు (స్లింగ్ తగిలించడానికి తలలో కన్నున్న స్క్రూలు) ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి. టెక్సస్‌లో జింకల సీజన్‌కి, అడవి పందులకి. భుజాన వేసుకుని రెండు మూడు మైళ్లు నడవాలి.

రెండోది రూగర్ 10/22 కార్బైన్. చెక్క స్టాక్, బారెల్ బ్యాండ్ (బారెల్‌నీ స్టాక్‌నీ కలిపి పట్టే రింగు) ఉంది, స్టడ్లు లేవు. 25 గజాల దగ్గర పడుకుని, కూర్చుని ప్రాక్టీస్ చేయడానికి.

రెండింటికీ ఒకే నియోప్రీన్ స్లింగ్ మార్చి మార్చి వాడుకోవచ్చా? 10/22కి స్టడ్లు ఇంట్లోనే పెట్టుకోవచ్చా? 1 అంగుళం, 1¼ అంగుళం అని స్వివెల్స్ (స్టడ్‌కి పట్టీని తగిలించే లూపులు) రెండు సైజుల్లో కనబడుతున్నాయి, ఏది తీసుకోవాలి?

#2 తోలుపట్టీ

ముందు ఒకటి తేల్చుకోండి: ఆ పట్టీ మోయడానికా, కాల్చడానికా? మోసే పట్టీ వెడల్పుగా, మెత్తగా ఉండాలి. కాల్చే పట్టీ ఇసుమంత కూడా సాగకూడదు. నియోప్రీన్ మొదటి పనికి హాయి, రెండో పనికి దండగ. చేతికి చుట్టి బిగిస్తే రబ్బరులా సాగుతుంది, ఊపిరి తీసిన ప్రతిసారీ ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) ఎక్కడికో తేలిపోతుంది. కాబట్టి రెండు రైఫిళ్లకి రెండు పట్టీలు.

టిక్కాకి: భుజం మీద కూర్చునే చోట 2 అంగుళాల వెడల్పు ఉండి, రెండు చివర్లా 1 అంగుళానికి సన్నబడే పట్టీ చూడండి. అడుగువైపు స్వెడ్ తోలో, రబ్బరు చుక్కలో ఉండాలి. నున్నటి నైలాన్ పట్టీ వాన జాకెట్ మీద నిలవదు, నాలుగడుగులకోసారి భుజం ఎగరేస్తూ నడవాలి. నియోప్రీనే కావాలంటే వెనక సాగని నైలాన్ పట్టీ కుట్టినది తీసుకోండి. ఉత్త నియోప్రీన్ అయితే, స్కోప్‌తో కలిపి ఎనిమిది పౌండ్ల రైఫిల్ వీపు మీద ఉయ్యాల ఊగుతుంది.

తోలు అయితే ఇంకా మంచిది, కానీ చాకిరీ ఉంది. తడిస్తే సాగుతుంది. ఎండలోనో హీటర్ దగ్గరో ఆరబెడితే బిరుసెక్కి పగులుతుంది. నీడలో ఆరనిచ్చి, ఏడాదికి ఒకటి రెండుసార్లు గుడ్డతో పల్చగా నీట్స్‌ఫుట్ ఆయిల్ పట్టించాలి. తాగినంత పోస్తే తోలు జావగారి, బెజ్జాలు కోలగా సాగిపోతాయి.

స్వివెల్ సైజు అంటే ఆ లూప్ లోపలి వెడల్పు, అంతే. 1¼ పట్టీని 1 అంగుళం లూప్‌లోకి దూర్చితే అంచులు ముడుచుకుంటాయి, ఆ మడత దగ్గరే దారాలు తెగుతాయి. 1 అంగుళం పట్టీని 1¼ లూప్‌లో వేస్తే తెగదు గానీ పక్కకి జరుగుతూ టిక్కు టిక్కుమంటుంది. వేటలో ఆ చప్పుడు పనికిరాదు. టిక్కాకి 1 అంగుళం, 10/22కి 1¼ తీసుకోండి. ఎందుకో గచ్చిబౌలి అన్న చెబుతాడు.

పొడవు విషయానికొస్తే, ఖాళీ రైఫిల్ భుజాన వేసుకుని అద్దంలో చూసుకోండి. పట్టీ పొడుగైతే బట్ (స్టాక్ వెనక కొన) తొడ వెనక కొట్టుకుంటుంది. పొట్టిదైతే మజిల్ (బారెల్ మూతి) తల దాటి పైకి పోయి కొమ్మలకి తగులుకుంటుంది, పైగా భుజం నుంచి దించేటప్పుడు మోచెయ్యి ఇరుక్కుంటుంది. చలికాలం కోటు వేసుకునే కొలత చూసుకోండి, టీషర్టు మీద కాదు.

#3 గచ్చిబౌలి_50మీ

10/22 సంగతి నేను చెప్త తమ్ముడు.

ప్రాక్టీస్‌కి అయితే అమెరికా మిలిటరీ కాటన్ వెబ్ స్లింగ్ తీస్కో, ఎమ్1 గారండ్ రైఫిల్ మీద వాడినది. 1¼ అంగుళాల వెడల్పు. ఒక కొనకు ఇనుప హుక్, నడుమ జారే కీపర్ (పట్టీని బిగించి పట్టే క్లిప్). సాగదు, చవక, లూప్ తిప్పుకోవడం నిమిషం పని. తోలులో ఎమ్1907 ఉంది, అది గూడ 1¼. ఇంకా కుదురుగ పడతది కానీ రెండు పట్టీలు, రెండు కీపర్లు, రెండు జతల కొక్కేలు ఉంటయ్. నేర్చుకునేటప్పుడు తలనొప్పి. ఒకవేళ అదే కొంటే కొక్కేల మొనలు స్టాక్ దిక్కు కాకుండ బయటికి చూసేటట్టు పెట్టు, లేకుంటే చెక్క మీద గీతలే గీతలు.

పోటీల లెక్క వేరే ఉంది. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం స్లింగ్ వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటొద్దు. పై చెయ్యికి తొడుక్కొని అక్కడినుంచి ఫోరెండ్‌కు ఒక్క చోటనే తగిలించాలె. హ్యాండ్ స్టాప్ (ముందు చెయ్యి జారకుండ ఆపే ముక్క), స్వివెల్ కాడ తప్ప రైఫిల్‌ల ఏ భాగం గూడ స్లింగ్‌కు ఆనొద్దు. పండుకొని కాల్చేటప్పుడు ముంజేయి నేలతోని 30 డిగ్రీలకు తక్కువ కావొద్దు. మోకాలి మీద, పండుకొని మాత్రమే స్లింగ్. నిలబడి కాల్చేటప్పుడు లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల అసలే లేదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌ల కాంస్యం కొట్టింది పట్టీ లేని ఈవెంట్‌లనే. పట్టీ మీదనే నడిచే 50 మీటర్ల ప్రోన్ (పండుకొని కాల్చే) ఈవెంట్‌ను 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేసిన్రు, అది వేరే బాధ. ఇప్పుడు 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌ల (మోకాలి మీద, పండుకొని, నిలబడి) రెండు పొజిషన్లకు పట్టీ ఉంది. 2024 పారిస్‌ల స్వప్నిల్ కుసాలె కాంస్యం దాంట్లదే.

#4 మైనం_మర

స్టడ్లు ఇంట్లో పెట్టుకోవచ్చండి. తొందరపడితే మాత్రం స్టాక్ చీలుతుంది.

మొట్టమొదట మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్ (తూటా కూర్చునే గూడు) కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. తర్వాత బారెల్ బ్యాండ్ స్క్రూ వదులు చేసి బ్యాండ్ ముందుకి లాగేయండి, స్టాక్ కింద ఉన్న ఒక్క స్క్రూ విప్పండి. 10/22 స్టాక్ లోంచి ఊడి రావాలంటే హ్యామర్ కాక్ అయి (బోల్ట్ లాగినప్పుడు వెనక్కి నిలిచి) ఉండాలి, సేఫ్టీ బటన్ సరిగ్గా సగంలో ఉండాలి. లేకపోతే బటన్ చెక్కకి పట్టేస్తుంది. గుంజితే ఆ చోట పెచ్చు లేచిపోతుంది.

వెనక స్టడ్. బట్ కింది మొన నుంచి ముందుకి 2½ అంగుళాలు. అక్కడ మాస్కింగ్ టేప్ అతికించండి, పెన్సిల్ గీత కనబడుతుంది, డ్రిల్ బిట్ అంచుల్ని చీల్చదు. స్టాక్ అడుగు వెడల్పు రెండు చోట్ల కొలిచి సగం గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులూ కలపండి. ఒక్క చోట కొలిచి కంటితో గీస్తే మిల్లీమీటరు పక్కకి పోతుంది. ఆ మిల్లీమీటరు జీవితాంతం కనబడుతూనే ఉంటుంది. గీత మీద సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, బిట్ జారకుండా.

బిట్ సైజు పుస్తకం చూసి కాదు, మీ చేతిలో ఉన్న స్క్రూ చూసి తేల్చాలి. వెర్నియర్‌తో మరల గాడి అడుగున కొలవండి, మర అంచుల మీద కాదు. గట్టి చెక్కలో బెజ్జం ఆ కొలతకి సమానంగానో, వెంట్రుకవాసి ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే స్క్రూ మేకులా చీలుస్తూ పోతుంది. స్టడ్ తల కింద మర లేని కాస్త లావు మెడ ఉంటుంది చూడండి, ఆ మెడ పొడవు మేరకే పెద్ద బిట్‌తో బెజ్జం వెడల్పు చేయాలి. చాలా స్టాకులు చీలేది ఇక్కడే. లోపల బెజ్జం సరిగ్గా ఉంటుంది, మెడ మాత్రం పైనున్న చెక్కని పగలదీస్తుంది.

లోతుకి బిట్ మీద టేప్ ముక్క జెండాలా చుట్టండి. జెండా చెక్క మీది పొట్టుని ఊడ్చిందంటే ఆపేయాలి. డ్రిల్ నేలకి నిలువుగా కాదు, స్టాక్ అడుగు ఏ వాలులో ఉందో ఆ వాలుకి నిలువుగా పట్టండి.

స్క్రూకి కొవ్వొత్తి మైనం రాయండి. సబ్బు వద్దు, అది తేమ పీల్చి స్క్రూకి తుప్పు పట్టిస్తుంది. స్టడ్ కంట్లో అల్లెన్ కీ దూర్చి పిడిలా తిప్పండి: అరచుట్టు లోపలికి, పావుచుట్టు వెనక్కి. చివరికి స్టడ్ కన్ను అడ్డంగా నిలవాలి, అంటే స్వివెల్ పిన్ను కుడి నుంచి ఎడమకి దూరాలి. అప్పుడే పట్టీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

ముందు స్టడ్. దీనికి చెక్క స్క్రూ వాడకండి. ఫోరెండ్ చెక్క పల్చన, బలం అంతా అక్కడే పడుతుంది, ఒకరోజు పీక్కొచ్చేస్తుంది. నట్టుతో వచ్చే రకం తీసుకోండి. మర ఎక్కువగా 10-32 ఉంటుంది, ప్యాకెట్ మీద చూసుకోండి. దానికి 13/64 బిట్‌తో ఆరుపారు బెజ్జం. బయటి నుంచి లోపలికి కొట్టేటప్పుడు బారెల్ గాడిలో ఒక చెక్క ముక్కని క్లాంపుతో బిగించి ఉంచండి, లేకపోతే బిట్ బయటికొచ్చే చోట పెచ్చులు ఊడతాయి. గాడిలో నట్టు మునిగేంత గుంట తీసి, నట్టు కూర్చోబెట్టి, పైకొచ్చిన మర కొనని ఆకురాయితో అరగదీయండి. నట్టు గానీ మర గానీ బారెల్‌కి తగిలిందంటే గురి అప్పుడప్పుడూ చెదురుతుంది, కారణం ఎంతకీ దొరకదు. మరకి నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ఎర్రది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి.

స్టడ్ ఎక్కడ పెట్టాలంటే, 10/22 ఫోరెండ్ పొట్టిది కాబట్టి పెద్దగా ఎంపిక లేదు. పడుకుని రైఫిల్ పట్టండి. ఎడమ చూపుడు వేలికి కాస్త ముందు, బ్యాండ్‌కి వెనక, అదే చోటు. కొత్తగా తెరుచుకున్న పచ్చి చెక్కకి అగ్గిపుల్లతో చుక్క వార్నిష్ రాయడం మర్చిపోకండి.

#5 పల్నాడు_బోల్ట్

ఇంత తిప్పలెందుకండీ? 10/22కి స్వివెల్‌తో పాటే వచ్చే బారెల్ బ్యాండ్లు దొరుకుతాయి. పాతది తీసి కొత్తది తొడిగి స్క్రూ బిగిస్తే అయిపాయె. ముందువైపు బెజ్జమే అక్కర్లేదు. లివర్ యాక్షన్ (కింద మీట ఆడించి తూటా ఎక్కించే) రైఫిళ్లకి ఏళ్ల తరబడి బ్యాండ్లకే కదా కడుతున్నారు.

#6 తోలుపట్టీ

మోయడానికైతే మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. చాలా లివర్ యాక్షన్లకి కింద మ్యాగజైన్ గొట్టం ఉంటుంది కాబట్టి బ్యాండుకి కట్టడమే తేలిక కూడా. ఫ్రిస్కో గారు దాంతో పట్టీ బిగించి కాల్చాలంటున్నారు, పేచీ అక్కడ.

కాల్చే పట్టీ రైఫిల్‌ని వెనక్కి, కిందికి లాగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకి కాస్త ఎడమకి కూడా. ఆ లాగుడు స్టాక్ మీద పడితే పరవాలేదు. బారెల్ మీద పడితే బారెల్ వంగుతుంది. కంటికి కనబడదు, కాగితం మీద కనబడుతుంది. పాత ఎమ్16 తరహా రైఫిళ్లలో ముందు స్వివెల్ బారెల్‌కున్న ఫ్రంట్ సైట్ కిందే ఉండటం వల్ల వచ్చిన గొడవ ఇదే. అందుకే పోటీ రైఫిళ్లలో బారెల్‌కి తగలని ఫ్లోట్ ట్యూబ్ పెట్టి, స్వివెల్‌ని దానికి మార్చారు.

టిక్కాకి కూడా ఇందులో ఒక చురక ఉంది. బారెల్ చుట్టూ ఖాళీ ఉంటుంది, కానీ ప్లాస్టిక్ ఫోరెండ్ గట్టిగా లాగితే వంగుతుంది. డాలర్ నోటు బారెల్ కింద దూర్చి, పట్టీ ఎంత బిగువుగా వాడతారో అంత బిగించి, నోటు జరుగుతుందేమో చూడండి. ఆగిపోయిందంటే ఫోరెండ్ బారెల్‌ని ముట్టుకుంటోంది. వేటలో అంత బిగువు వద్దు, చేతికి ఒక చుట్టు వేసుకుని ఆనించుకోండి చాలు.

#7 బెజవాడ_పెల్లెట్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. బ్రేక్ బ్యారెల్ (బారెల్ వంచి కాక్ చేసే) ఎయిర్ రైఫిల్‌కి ఇదే పద్ధతిలో ముందు స్టడ్ పెట్టొచ్చాండీ?

#8 మైనం_మర

వద్దండి. ఫోరెండ్ అడుగున సరిగ్గా మధ్యలో కాకింగ్ ఆర్మ్ తిరిగే గాడి ఉంటుంది, అక్కడ స్టడ్‌కి చెక్కే లేదు. పక్కన కొడదామంటే ఆ గోడ పల్చన, లోపల కంప్రెషన్ ట్యూబ్ (గాలిని నొక్కే గొట్టం). స్క్రూ కొన ట్యూబ్‌కి తగిలితే గీత పడుతుంది.

బారెల్‌కి కడదామనుకుంటే అది ఇంకా తప్పు. దాంట్లో బారెలే కాకింగ్ లివర్. ఆ లివర్‌ని పట్టుకుని రైఫిల్ బరువంతా వేలాడదీసినట్టు అవుతుంది. వెనక లాక్ మీద అరుగుదల పెరిగి, బారెల్ ప్రతిసారీ ఒకే చోట మూసుకోవడం మానేస్తుంది. రెండు మూడొందల మీటర్ల నడకకి పట్టీ కావాలంటే భుజానికి వేసుకునే సంచి కొనుక్కోండి. అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

#9 ఫ్రిస్కో_కుర్రోడు

చాలా ఉపయోగం. వెబ్ స్లింగ్, 1¼ స్వివెల్స్, నట్టు రకం ముందు స్టడ్ ఆర్డర్ పెట్టేశాను. గచ్చిబౌలి అన్నా, లూప్ ఎలా వేసుకోవాలో మెట్టు మెట్టుగా చెబుతారా? వీడియోల్లో చేతులు చాలా ఫాస్ట్‌గా తిరుగుతున్నాయి.

#10 గచ్చిబౌలి_50మీ

కుడిచేతి వాటం లెక్కన చెప్తున్న. ఎడమచేతి వాటమైతే మొత్తం తిరగేస్కో.

1. వెనక స్వివెల్ నుంచి ఇనుప హుక్ ఊడదియ్. ఇగ పట్టీ ముందు స్వివెల్‌కే వేలాడాలె.

2. హుక్ దగ్గరున్న బకిల్‌ల నుంచి పట్టీని లాగి చెయ్యి పట్టేంత లూప్ చెయ్.

3. ఆ లూప్‌ను నీ ఒంటికి దూరంగ, బయటి దిక్కు అరచుట్టు తిప్పు. ఈ అరచుట్టు మరిస్తే పట్టీ చెయ్యి వెనక అంచు మీద నిలబడి కోసుకపోతది. తిప్పితే బల్లపరుపుగ ఆనుతది.

4. ఎడమ చెయ్యి దూర్చి లూప్‌ను కండ మీదికి, భుజం గుండ్రానికి కిందికి ఎక్కించు. కండ నడిమిట్ల కాదు, దాని పైన. అక్కడ బిగించు.

5. ఎడమ చెయ్యిని పట్టీ బయటి నుంచి దాని మీదుగ తిప్పి, ఫోరెండ్ కింద పెట్టు. పట్టీ మణికట్టు వెనక, అరచేతి వెనక చదునుగ పోవాలె. రైఫిల్ బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ వీ ఆకారంల కూసోవాలె. చెయ్యిని ముందుకు తోసి స్వివెల్‌కు ఆనించు.

6. కీపర్‌ను జరిపి బిగువు సరిచెయ్. కీపర్ వదులుంటే ప్రతి షాట్‌కు మిల్లీమీటర్ మిల్లీమీటర్ జారుతది, గురి నిలువుగ గీత లెక్క పరుచుకుంటది.

బిగువు సరిపోయిందా లేదా ఎట్ల తెలుస్తది? బట్‌ను భుజంల పెట్టడానికి కుడిచెయ్యితోని కొంచెం తొయ్యాల్సి రావాలె. పెట్టినంక కుడిచెయ్యి పూర్తిగ తీసెయ్. రైఫిల్ భుజంలనే ఉండి, మజిల్ అంతే ఎత్తుల ఉంటే సరి. ఫోరెండ్ కిందికి వాలితే పట్టీ వదులు. బట్ భుజం నుంచి బయటికి తోసుకొస్తే, లేకుంటే రైఫిల్ పక్కకు వంగుతుంటే మరీ బిగువు.

ఇగ కండ్లు మూస్కొని రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచి చూడు. సైట్ టార్గెట్ మీద లేదంటే చేతులతోని లాగి తేవొద్దు. ఎడమ మోచెయ్యిని కదలకుండ ఉంచి తుంటి జరుపు, పైకి కిందికి కావాలంటే ఒళ్లు ముందుకు వెనక్కు జరుపు.

ఒకసారి కుదిరినంక కీపర్ అంచు కాడ పట్టీ మీద మార్కర్‌తోని గీత పెట్టుకో. పండుకొని కాల్చే గీత వేరు, కూసొని కాల్చే గీత వేరు.

#11 తోలుపట్టీ

ఒక చిన్న చేర్పు. స్కోప్‌లో క్రాస్‌హెయిర్ గుండె చప్పుడుకి ఎగురుతుంటే లూప్ చేతి లోపలివైపు రక్తనాళం మీద బిగుసుకుందన్నమాట. ఇంకాస్త పైకి జరిపి, లాగే చోటు చెయ్యి బయటివైపుకి వచ్చేలా తిప్పండి. మందపాటి స్వెట్‌షర్ట్ చెయ్యి ఉంటే సగం తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కితే ఓర్చుకోవడం కాదు, విప్పేయాలి. తిమ్మిరెక్కిన చెయ్యి ఎంత గట్టిగా పట్టిందో మీకే తెలియదు.

#12 ఏఆర్_అట్లాంటా

ఏఆర్ (ఏఆర్-15 తరహా రైఫిల్) వాళ్లు ఎవరైనా చదువుతుంటే: అక్కడ స్టడ్ల బదులు పుష్ బటన్ క్యూడీ స్వివెల్స్ (బటన్ నొక్కి చటుక్కున పెట్టి తీసేవి). రెండు సంగతులే చూసుకోండి. సాకెట్ లోపల నాలుగు గాడులున్న రకం అయితే స్వివెల్ గిర్రున తిరగదు, పట్టీ మెలి పడదు. గుండ్రటి సాకెట్ అయితే రోజంతా తిరుగుతూ తాడులా పురి పెడుతుంది. రెండోది, బటన్ నొక్కి పెట్టాక వదిలేసి గట్టిగా గుంజి చూడండి. బటన్ పక్కనున్న బుల్లి గోళీల మీద ఇసుక చేరితే లోపలికి పోయినట్టే ఉంటుంది, పట్టదు. రైఫిల్ కిందపడేది అప్పుడే.

ఎమ్‌లాక్ (హ్యాండ్‌గార్డ్ బెజ్జాల్లో బిగించే పద్ధతి) ముక్క పెడితే వెనకున్న టీ నట్లు పావుచుట్టు తిరిగి హ్యాండ్‌గార్డ్ లోపలి అంచుకి అడ్డంగా నిలిచాయో లేదో లైటు వేసి చూడండి. నిలవకుండానే స్క్రూ బిగుసుకున్నట్టు అనిపిస్తుంది.

సింగిల్ పాయింట్ పట్టీ (రైఫిల్‌కి ఒక్క చోటే తగిలించేది) గురించి అడగకండి. చేతులు వదిలితే మజిల్ మోకాళ్ల మధ్య ఆడుతుంది.

#13 ఫ్రిస్కో_కుర్రోడు

బిగించాను. రెండు తేడాలు. వెనక స్టడ్ పూర్తిగా బిగిసేసరికి కన్ను అడ్డంగా కాకుండా నిలువుగా ఆగింది. స్లింగ్‌తో పడుకుని 25 గజాల్లో కాలిస్తే గ్రూపు (కాగితం మీద తూటా బెజ్జాల గుంపు) చిన్నదైంది, కానీ అంగుళం కిందికి, ఎడమకి జరిగింది. ముందు స్టడ్ నట్టు బారెల్‌కి తగలట్లేదు, కాగితం పెట్టి చూశాను.

#14 మైనం_మర

స్టడ్ వెనక్కి పావుచుట్టు తిప్పి వదిలేయకండి, వదులుగా ఉండి రెండు నెలల్లో బెజ్జం తినేస్తుంది. ఇంకో పావుచుట్టు ముందుకి బలవంతం చేయకండి, స్క్రూ మెడ దగ్గర విరుగుతుంది. విరిగిన ముక్క చెక్కలోంచి తీయడం నరకం. పూర్తిగా విప్పి, స్టడ్ తల కింద పల్చటి వాషర్ ఒకటి వేసి మళ్లీ బిగించండి. చాలకపోతే ఇంకొకటి. వాషర్ మందం కొద్దిగా తేడా అయినా కన్ను పావుచుట్టు తిరుగుతుంది. ఇత్తడి షిమ్ రేకు కత్తిరించుకున్నా సరే. తిరిగి పెట్టేటప్పుడు మొదట వెనక్కి తిప్పుతూ పాత మర దొరికాక ముందుకి తిప్పండి, కొత్త మర కోయకుండా.

#15 తోలుపట్టీ

నట్టు తగలట్లేదంటే బ్యాండే కారణం. పట్టీ ఫోరెండ్‌ని లాగుతోంది, ఫోరెండ్ బ్యాండ్‌ని లాగుతోంది, బ్యాండ్ బారెల్‌ని లాగుతోంది. బ్యాండ్ తీసేసి ఒక అయిదు షాట్ల గ్రూపు స్లింగ్‌తో, ఒకటి స్లింగ్ లేకుండా సంచి మీద ఆనించి కాల్చండి. రెండు గ్రూపుల మధ్య దూరం తగ్గితే బ్యాండ్ లేకుండానే ఉంచుకోవచ్చు. 10/22లో బారెల్‌ని పట్టుకునేది రిసీవర్ (బోల్ట్ ఉండే పెట్టె) దగ్గరున్న వీ బ్లాకు, దాని రెండు స్క్రూలు. బ్యాండ్ లేకపోయినా ఊడదు. వీ బ్లాకు స్క్రూలు బిగువుగా ఉన్నాయో కూడా ఒకసారి చూడండి.

25 గజాల్లో అంగుళం అంటే దాదాపు 4 నిమిషాలు (కోణం కొలతలో డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), 100 గజాల్లో 4 అంగుళాలు. బ్యాండ్ తీశాక కూడా కాస్త మిగులుతుంది. అప్పుడు సైట్లు జరిపి స్లింగ్‌తోనే జీరో చేసుకోండి (తూటా గురి పెట్టిన చోటే పడేలా), ఎప్పుడూ అదే గీత దగ్గర, అదే బిగువుతో కాల్చండి. పట్టీతో ప్రాక్టీస్ చేస్తూ సంచి మీద జీరో చేయడం వల్లే సగం మంది రైఫిల్‌ని తిడుతుంటారు.

#16 ఫ్రిస్కో_కుర్రోడు

వాషర్ ఒకటి సరిపోయింది. బ్యాండ్ తీశాక అంగుళం కాస్తా పావు అంగుళం అయింది. చివరిగా, టిక్కా పట్టీ ట్రైగ్లైడ్ (నడుమ కడ్డీ ఉన్న పట్టీ బకిల్) దగ్గర నెమ్మదిగా జారి పొడుగవుతోంది. బకిల్ పాడైందా?

#17 పల్నాడు_బోల్ట్

బకిల్ కాదండీ, దూర్చిన తీరు. ఒక్కసారే దూర్చి ఉంటారు. పట్టీ కొన ట్రైగ్లైడ్ కింది నుంచి పైకి, నడుమ కడ్డీ మీదుగా కిందికి పోవాలి, అక్కడి నుంచి స్వివెల్‌లోకి. స్వివెల్ చుట్టి వెనక్కొచ్చిన కొనని మళ్లీ అదే ట్రైగ్లైడ్‌లో, మొదటి పొర కింద నుంచి అదే కడ్డీ మీదుగా దూర్చాలి. అప్పుడు బరువు పడేకొద్దీ పై పొర కింది పొరని నొక్కుతుంది. తోక 3 అంగుళాలకి తగ్గకుండా ఉంచండి. నైలాన్ అయితే కొన లైటర్‌తో కరిగించి, వేడిగా ఉండగానే పలకతో చదును చేయండి. ఉబ్బుగా వదిలేస్తే ఇంకోసారి దూరదు.

అయ్యాక ఖాళీ రైఫిల్‌ని పరుపు మీద పట్టుకుని, పట్టీని మోకాలితో గట్టిగా నొక్కి చూడండి. జారేదైతే అక్కడే జారుతుంది.